వేలెడు సందు

ఐదు వేల మీటర్ల ఎత్తున, చాహ్నాంతోర్ మైదానంలో
యాభై తెల్ల పళ్ళాలు ఒక్కసారే మెడ తిప్పుతాయి.
కింద కంట్రోల్ రూములో మాకు ఆ చప్పుడు చేరదు.
తెర మీద ఒక అంకె మారుతుంది, అంతే.

"నీటి ఆవిరి అర మిల్లీమీటరు," అన్నాడు ఫిదెల్ చైలే.
తోకొనావ్ వాడు, దానిమ్మ తోటల ఊరు.
"ఎండబెట్టిన లామా మాంసంలా ఉంది ఈ రాత్రి ఆకాశం.
తొందరగా అడుగు, ఏమడగాలో."

నేను అడిగేది ఒక గెలాక్సీని.
పన్నెండు వందల కోట్ల ఏళ్ళ కిందట
అందులో చుక్కలకంటే చుక్కలు కావలసిన సరుకే ఎక్కువ.
అప్పుడు బయల్దేరిన కబురు
దారి సాగితే తానూ సాగి
నాలుగున్నర రెట్లు పొడుగై, నీరసించి, ఇప్పుడు దిగుతోంది.

హైడ్రోజన్ సంగతి చెప్పాలి.
అక్కడున్నదంతా దాదాపు అదే, కానీ నోరు విప్పదు.
రెండు పక్కలా ఒకే బరువున్న కావడి,
ఆ చలిలో అటూ ఊగదు, ఇటూ ఊగదు.
దాని తరఫున పలికేది కార్బన్ మోనాక్సైడ్,
పదివేలకి ఒకటి.
కాస్త ఒక పక్కకి ఒరిగిన కావడి అది,
గిరగిర తిరిగి నెమ్మదించినప్పుడల్లా
సన్నటి గీతొకటి జారవిడుస్తుంది.
ఆ ఒక్క గొంతు విని ఊరి జనాభా రాయడం మా ఉద్యోగం.
ఎంతతో హెచ్చవేయాలి?
ఒకటికి లోపే అంటారు కొందరు, నాలుగు దాటాలంటారు కొందరు.
మేం అక్కడో గ్రీకు అక్షరం రాసి
కింద చిన్న అక్షరాల్లో క్షమాపణ చెప్పుకుంటాం.

ఆ వాయువుని నేను పుస్తకంలో మొదట చదవలేదు.
లోతాలో, సముద్రం అడుగున బొగ్గు తవ్విన ఊళ్ళో,
మా అమ్మమ్మ తమ్ముడు ఒనోఫ్రే
రాత్రి షిఫ్టు దిగి, తడిసి వచ్చి,
గదిలో కుంపటి పెట్టుకుని
కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కి పడుకున్నాడు.
పొద్దున చూస్తే
ముఖం ఎప్పుడూ లేనంత ఎర్రగా, నిండుగా ఉందట.
"ఇన్నాళ్ళకి వీడికి రంగొచ్చింది, లేపకండి" అందట అమ్మమ్మ.
మధ్యాహ్నం దాకా ఎవరూ లేపలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ కిటికీ పూర్తిగా మూసుకోలేదు.
వేలెడు సందు.
జూలై వానలో నా లెక్కల పుస్తకం తడిసేది.
ఉన్ని టోపీ పెట్టుకుని నిద్రపోయేదాన్ని.
ఒకసారి చలికి ఓర్వలేక మూశాను;
అమ్మమ్మ ఎర్మెలిందా చేయి చేసుకోవడం
అదే మొదలు, అదే ఆఖరు.

ఫిదెల్ కి ఇదంతా చెప్పాను, మూడింటికి, రీకా-రీకా ఆకుల టీ తాగుతూ.
అతను చాలాసేపు కప్పులోకి చూశాడు.
తర్వాత నన్ను బయటికి తీసుకెళ్ళి
పాలపుంత నడుమ నల్లటి మరక చూపించాడు.
"మా వాళ్ళు చుక్కలు కలిపి బొమ్మలు గీయరు.
చుక్కల్లేని చోట చూడు. లామా. పక్కన పిల్ల."
మెడ కనిపించింది. తర్వాత చెవులు.
అదీ ఆ వాయువే, ఆ చలే, అదే నల్లటి మౌనం.
నేనది చెప్పలేదు. అతనికి తెలిసే ఉంటుంది,
పదకొండేళ్ళుగా ఇదే కుర్చీలో ఉన్నాడు.

నాలుగున్నరకి, గరగరల మధ్య,
చిన్న గూను లాంటిది లేచింది.
మళ్ళీ లెక్క వేశాం. అలాగే ఉంది.
యాభై కోట్ల ఏళ్ళ వంటకి సరిపడా పిండి ఉంది ఆ డబ్బాలో.
డబ్బా ఎప్పుడో ఖాళీ అయ్యుంటుంది.
మనకి అందింది మాత్రం నిండు డబ్బా కబురు.

గాలి చాలా వాటిని రానివ్వదు.
కొన్ని పొడవుల దగ్గర మాత్రం కొంచెం తెరుచుకుంటుంది;
మా భాషలో దాన్ని కిటికీ అనే అంటారు.

తెల్లారాక గదికి పోయి పడుకున్నాను.
"కిటికీ మూసుకో, దుమ్మంతా నీ కంప్యూటర్లోకే"
అని వరండాలోంచి ఫిదెల్ కేక.
సరే అన్నాను.
లేచి, రెక్క దగ్గరికి లాగి,
మధ్యలో వేలు పెట్టి చూసుకున్నాను.