కన్నందొంగ

మే నెల మూడో వారం. ఫ్లూయెలా కనుమ మీద
దూరీ మంచుతోలే బండి ఆగింది.
ఆగలేదు, ఆపాడు.
నాలుగు వందల గుర్రాలు
దగ్గి దగ్గి ఊరుకున్నాయి.

రేడియోలో కింది మలుపునుంచి తుమాష్:
"ఏమైంది?"
"ఇంజను వేడెక్కింది, కాస్త చల్లారనీ"
అబద్ధం చెప్పి కిందికి దిగాడు.

ఏడు నెలలుగా కదలని మంచు.
పొద్దున గాజు, మధ్యాహ్నానికి తడిసిన కల్లుప్పు.
రోడ్డుకు దిగువన పల్లంలో
అది జానెడు మందం మిగిలినచోట
ఎవరో కన్నం వేశారు.

గుండ్రంగా, బొటనవేలు పట్టేంత.
లోపల్నుంచి బయటికి.
ఎక్కడైనా విన్నామా
దొంగ ఇంట్లోంచి వీధిలోకి తవ్వడం?

ఆ కన్నంలోంచి తల వంచుకుని
ఊదారంగు గంట ఒకటి,
అంచంతా ఎలకలు కొరికిన పట్టుగుడ్డ.
మోగదు.
మోగినా వినేందుకు అక్కడున్నది
గాలి, గులకరాళ్ళు, దూరీ.

సోల్దనెల్లా.
ఆకులు చిల్లర నాణేల్లా ఉంటాయని ఆ పేరు.
పోయిన వేసవిలోనే మొగ్గ కట్టుకుని
ఆ చిల్లర ముట్టకుండా
నేలకు కరుచుకుని పడుకుంది శీతాకాలమంతా.
మంచులోంచి వడగట్టి దిగిన వెలుతురును
ముదురాకులు కొంచెం కొంచెంగా తాగి
చుట్టూ ఒక బొట్టు, ఇంకో బొట్టు
కరిగించాయి.

మంచు తొందరగా పోయేచోట ఇది ఉండదు.
ఆలస్యమే దీని ఊరు.
వాళ్ళమ్మ మెంగియా ఆవుల్ని తోలుకుంటూ చెప్పేది:
"ఒక ఏడు ఏప్రిల్లోనే దుప్పటి లాగేశారురా పైవాళ్ళు.
ఒక్క రాత్రి చలికి
అన్నీ మసిగుడ్డలైపోయాయి."
కోసుకెళ్ళనిచ్చేది కాదు.
కోస్తే ఇంటి గడప దాకా బతకదట,
దానికి కాళ్ళు తడిగా ఉండాలట.

బొద్దుగా ఓ తుమ్మెద వచ్చింది,
గంటను పట్టుకుని వేలాడింది,
కాడ వంగి మంచుకు తగిలితే
కాళ్ళు చురుక్కుమన్నాయేమో, లేచిపోయింది.

దూరీ తొడుగు తీశాడు.
ఎవరూ చూడటం లేదని అటూ ఇటూ చూసి
కన్నంలో చిటికెన వేలు పెట్టాడు.
అంచులన్నీ చలి.
కాడ పక్కన మాత్రం
కాస్త, కాస్తంటే కాస్త, వెచ్చన.
పువ్వుదా, తన వేలిదేనా?

"చల్లారిందా?" తుమాష్ గొంతు.
"ఇంకా లేదు" అన్నాడు.

తర్వాత బండెక్కి
మంచు చిమ్మే గొట్టాన్ని
ఎగువ గట్టువైపు తిప్పాడు.
అటు తిప్పితే రేపు
సగం మంచు మళ్ళీ రోడ్డు మీదికే జారుతుంది.
తెలుసు. రేపు మళ్ళీ తోలాలి.