డోన్ దాటినా

రాయచూరు పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.
ఆ ఊరికి పోయే దావ మాత్రం
నాకు కంఠతా వచ్చు.

బేతంచెర్లలో పాలిష్ బండలు ఎత్తుకొని
లారీ కదిలినాక
అడక్కుండానే ఫోన్ చేస్తాడు మద్దిలేటి.
"డోన్ దాటినా."
"పత్తికొండలో టీ తాగుతాండా."
"ఆదోని. టైరు చూపిస్తాండా."

నేను ఊఁ అనను. పెట్టేయను కూడా.
హారన్లు, క్లీనరు దగ్గు,
వాటి సందున ఇంకో గొంతుందేమోనని
చెవులు చేటలు చేసుకొని వింటా.

ఒప్పుకున్న రోజు
ఆయప్ప నా కాళ్లు పట్టుకోలేదు,
నేను పుట్టింటి బస్సెక్కలేదు.
పొద్దున మిగిలిన ఉగ్గాని
చెరో మూల కూర్చోని తింటిమి.
పచ్చిమిరపకాయ ఇద్దరికీ మండింది.

పద్నాలుగు నెలలు.

రాత్రి ఏ ఊరి నుంచీ ఫోన్ రాలేదు.
ఆ సంగతి నాకు
తెల్లారి, పాలు పొంగి పొయ్యి మీద పడినాక
గుర్తొచ్చింది.

తలుపు తీస్తే
మీసాల నిండా రాతిపొడితో నిలబడి
"సెల్లు చచ్చిపాయ... ఆదోనిలో... ఒట్టు..."
అంటాండాడు.

"నిద్రపోయినా" అన్నా.

ఆ ఒక్క మాటకు
అంత మనిషి ఎందుకు ఏడ్చినాడో
స్నానానికి నీళ్లు కాగేలోపు
మెల్లగా అర్థమైంది.

రాయచూరు పేరు
ఇంకా ఎత్తలేదు.