రెండో బ్రేకు

నా వైపు కూడా ఒక బ్రేకుంటుంది.
లాలాపేట సైదావలి డ్రైవింగ్ స్కూలంటే అదే.
స్టీరింగు నాది కాదు, గేరు నాది కాదు,
ఇరవై రెండేళ్ళుగా అరిగిన ఒక పెడలు,
దాని మీద నా కుడికాలి చెప్పు.

మార్చిలో వచ్చిందావిడ. పేరు హీరుత్.
ఇథియోపియా నుంచి, నాగార్జున యూనివర్సిటీకి.
"తొమ్మిదేళ్ళు నడిపాను, డ్రైవింగొచ్చు.
ఈ ఊరే రాదు" అంది.
ఇంగ్లీషు నాదీ అంతంతే, ఆవిడదీ అంతంతే,
అందుకే బాగా అర్థమైంది.

మొదటిరోజు తిన్నగా వచ్చి నా సీట్లో కూర్చుంది.
"మా దగ్గర డ్రైవరు ఇటే కదా" అని నాలిక్కరుచుకుని దిగింది.
ఇన్నేళ్ళూ నేను కూర్చున్న చోటు
ఎక్కడో ఒక దేశంలో డ్రైవరు సీటని
నాకెవరూ చెప్పలేదు.

గేరు మార్చబోతే కుడిచెయ్యి తలుపుకి కొట్టుకునేది.
ఇండికేటరు వెయ్యబోతే వైపర్లు లేచేవి,
నడినెత్తిన ఎండ, చుక్క తడిలేని అద్దం,
కిర్రు కిర్రుమని.
శంకర్‌విలాస్ దగ్గర ఇడ్లీబండి చుట్టూ జనం
చట్నీ గిన్నెలు పట్టుకునే నవ్వేవాళ్ళు.

ఎడం, ఎడం, అనేవాణ్ణి.
ఆ మాట తన లిపిలో ఎడమ మణికట్టు మీద రాసుకుంది.
నాలుగోనాడు లారీ వెనక "కాస్త ఎడం ఉంచమ్మా" అన్నాను.
ఠక్కున ఎడమకి కోసింది. కాలవ అంచున ఆగాం.
పక్కకీ దూరానికీ ఒకటే మాట మాకు.
అప్పటిదాకా నాకూ తట్టలా.
"ఎంత ఎడం?" అనడిగింది.
ఏదడుగుతోందో తెలీక ఊరుకున్నా.

పుస్తకంలో ఉన్నవి వారంలో చెప్పేశా.
లేనివి చెప్పడానికే నా ఫీజు.
ఆటోవాడు కాలు బయట పెడితే అటు తిరుగుతాడని,
బైకు వెనకామె కొంగు సర్దుకుంటే బండి ఆగబోతోందని,
గేదె నిలబడితే ఆగాలని, నడిచినా ఆగాలని.
హారను కోపం కాదు, నేనున్నానని చెప్పుకోవడమని.
"మాకది తిట్టు" అంది.
మరి ఎదుటివాడు లైటు కొడితే?
అక్కడ: ముందు మీరు రండి.
ఇక్కడ: నేనొస్తున్నా, నువ్వాగు.
ఇది రెండుసార్లు చెప్పాల్సింది.
ఒకసారే చెప్పాను.

చుట్టుగుంటలో మిర్చి లారీల మధ్య
నేను తుమ్మి తుమ్మి చచ్చాను.
ఆవిడ అద్దం దించి గట్టిగా పీల్చింది.
"ఇది మాత్రం మా వంటిల్లే."
అంత రద్దీలో ఒక్క తప్పు లేదు.
ముందు బండి ఎటుపోతే అటు.

ఆదివారం, ఇంకా పూర్తిగా తెల్లారలా.
లాం దాటాక బంకులో పెట్రోలు కొట్టించి
రోడ్డెక్కాం. అటూ ఇటూ పురుగు లేదు.
ఎంత మెత్తగా తిప్పిందో స్టీరింగు!
మొదటిసారి భుజాలు దించి కూర్చుంది,
ఏదో కూనిరాగం కూడా.
నిజం చెప్తున్నా, నేనూ చూసుకోలా,
పొలాల మీద మంచు చూస్తున్నా.
కుడివైపున పోతున్నాం.

ఎదురుగా పాలవ్యాను. లైటు కొట్టింది.
థాంక్స్ అన్నట్టు చెయ్యెత్తి
వేగం పెంచింది.

నా కాలు.

పాలడబ్బాలు చాలాసేపు మోగాయి.
వాడి తిట్లు ఆవిడకి రావు, అదొక్కటే నయం.
మణికట్టు మీది అక్షరాల్ని బొటనవేలితో రుద్దుతూ
"ఎవరూ లేకపోతే
నేను అక్కడికి వెళ్ళిపోతాను" అంది.
నేను నీళ్ళ సీసా మూత తీసిచ్చాను.

జూన్లో లైసెన్సొచ్చింది.
స్వీటు ప్యాకెట్టు తెస్తారందరూ.
ఆవిడ కొత్త వైపర్ రబ్బర్లు తెచ్చింది.

నిన్న లాడ్జి సెంటర్లో రోడ్డు దాటుతూ
ముందు ఎడమకి చూశాను.
యాభై ఒక్కేళ్ళ వయసులో, పుట్టిన ఊళ్ళో.
కుడినుంచి స్కూటీ చొక్కా రాసుకుంటూ పోయింది.
"ఏ దేశం నుంచి దిగావయ్యా!"

చూసుకుంటే నా కుడికాలు
తారురోడ్డుని
గట్టిగా తొక్కిపట్టి ఉంది.