వాటర్ స్ట్రీట్ దస్తావేజులు

హార్డ్‌వేర్ కొట్టు మీద ఆఫీసు.
పదిహేడు మెట్లు. తొమ్మిదోది కిర్రుమంటుంది.
ఆ చప్పుడు తీరు బట్టి చెప్పేసేదాన్ని
ఎక్కుతున్నది విడాకులో, వీలునామానో, కంచె తగాదానో.

ఎల్డన్ ఫ్రెడ్‌లండ్, లాయరు,
లారెల్ బెండ్, అయోవా.
కిటికీ అద్దం మీద పేరులో చివరి అక్షరం రాలిపోతే
మళ్ళీ రాయించలేదు.
"నేనెవరో తెలియనివాడికి ఈ ఊళ్ళో నాతో పనేముంది?"

ఫీజు కింద మొక్కజొన్న పొత్తులొచ్చేవి,
ఒకసారి బతికున్న బాతు.
దాన్ని బీరువా కాలికి కట్టి
నాకు ఉత్తరం చెప్పాడు. నేను టైపు కొట్టాను.
అది వాక్యానికోసారి అభ్యంతరం చెబుతూనే ఉంది.

గట్టు కోసం కొట్టుకునే అన్నదమ్ములొస్తే
కాగితం తీసేవాడు కాదు, రబ్బరు బూట్లు తొడుక్కునేవాడు.
ముగ్గురూ పొలం చుట్టూ నడిచొచ్చేసరికి
సగం కేసుల్ని బురదే కొట్టేసేది.
"ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు,
గెలిచినవాడు నా బిల్లు చూసి ఏడుస్తాడు" అని
తన జోకుకి తనే ముందు నవ్వేవాడు.

మేయరు ఎలా అయ్యాడంటే,
పోటీకి దిగిన మంగలి
మధ్యలో మిన్నెసోటా వెళ్ళిపోయాడు. అంతే.
నెలకి నూట యాభై డాలర్లు. గుంతలు, కుక్కలు,
నీళ్ళ ట్యాంకు రంగు మీద మూడు మీటింగులు.
వాటి మినిట్స్ కూడా నేనే రాశాను.
చివరికి పాత రంగే వేశారు.

ఆ ఏప్రిల్లో నది ఊళ్ళోకి వచ్చింది.
పన్నెండు రోజులుండి వెళ్ళింది.
వాటర్ స్ట్రీట్లో ఇరవై మూడు ఇళ్ళు
మళ్ళీ నిలబెట్టడానికి వీల్లేదన్నారు పైవాళ్ళు.
ఖాళీ చేయించే ఉత్తర్వు కింద మేయరు సంతకం.
వాటిలో పంతొమ్మిదింటి దస్తావేజులు
ఈ పదిహేడు మెట్ల పైన పుట్టినవే.
రాసింది ఆ చెయ్యే. టైపు కొట్టింది ఈ వేళ్ళే.

పోస్టులో పంపొచ్చు. పంపలేదు.
టోపీ చేత్తో పట్టుకుని గడపగడపకీ వెళ్ళాడు,
వెనకాల కవర్లతో నేను.

ఒటీలియా క్రాంట్జ్, ఎనభై ఒకటి,
గోడ మీది మట్టిగీత పక్కనే కుర్చీ వేసుక్కూర్చుంది.
కాగితం విప్పలేదు.
"నది ఉన్నంతకాలం చెల్లుతుందన్నావు, ఎల్డన్,
అరవై ఎనిమిదిలో, నీ నోటితోనే.
నది ఎక్కడికీ పోలేదే."

పాతికేళ్ళలో మొదటిసారి
ఆయన టోపీని తిప్పుతూ నిలబడిపోవడం చూశాను.

పద్నాలుగో నంబరు మా అమ్మ ఇల్లు.
అక్కడ కవరు నేనే ఇచ్చాను.
అమ్మ ఆయనకి కాఫీ పోసింది.
నాకు పోయలేదు.

నవంబరులో నాలుగు ఓట్లతో ఓడిపోయాడు.
ఆ నాలుగింటిలో ఒకటి నాది.
తెలుసనుకుంటాను. ఎప్పుడూ అడగలేదు.
మర్నాడు ఎనిమిదిన్నరకి తొమ్మిదో మెట్టు కిర్రుమంది.
"వెల్మా, ఉత్తరం రాసుకో."
ఎవరికని అడిగాను.
కిటికీలోంచి చాలాసేపు చూసి
"వద్దులే" అన్నాడు.

ఇళ్ళు కూల్చినవాళ్ళు సిమెంటు మెట్లు వదిలేశారు,
గడ్డిలో మూడేసి చొప్పున,
ఎక్కితే ఎక్కడికీ చేరనివి.
ఎండగా ఉన్న మధ్యాహ్నాలు
శాండ్‌విచ్ పొట్లంతో క్రాంట్జ్ గారి మెట్ల దగ్గరికి వెళ్ళేవాడు.
కూర్చునే ముందు
బూట్లు రెండూ శుభ్రంగా తుడుచుకునేవాడు.