తీగ మీది విమానం

అనంతపురం పాతూరులో మలిశెట్టి స్టోర్సు.
కింద బట్టలు, మిద్దె మీద గ్రామఫోన్లు,
మెట్ల సందులో మేకులు, లాంతరు గ్లాసులు.
గుమాస్తా కుళ్ళాయప్ప రేకుడబ్బాలో దుడ్లేసి
పిడి గుంజితే
మా తలల మీద తీగ పట్టుకొని సర్రున పోయేది,
చిల్లరతో తిరిగొచ్చేది.

ఆ యేడు కౌంటరు మీద ఇంకో డబ్బా.
యుద్ధవిమానానికి చందా.
రెక్క మీద మన జిల్లా పేరు రాస్తారంట!
తాసిల్దారు మాట, కాదనేదెవరు?
దుడ్లు లేని ఈరక్క
కొంగులో చెనిక్కాయలు కుమ్మరించింది.
కుళ్ళాయప్ప నవ్వలేదు. తక్కెట్లో తూచి
రాసుకున్నాడు: ఈరక్క, మూడు దమ్మిడీలు.

నాది చిల్లికానీ.
వేసేముందు ఆ చిల్లిలోంచి ఆకాశం చూసినా.
మోడం లేదు. విమానమూ లేదు.

వానకు తప్ప తలెత్తని ఊరు
గంజికేంద్రం వరసలో నిలబడి కూడా
దానికోసం మెడలు నిక్కించింది.
ఎగిరిందో, ఏ సముద్రంలో పడిందో,
మాకెవరూ రశీదు పంపలేదు.

స్టోర్సు జాగాలో ఇప్పుడు బైకుల స్టాండు.
టోకెను పిల్లోడికి నోటిచ్చి
చిల్లర కోసం
చెయ్యి చాపడం మరిచి
తల పైకెత్తినా.