ద్వారబంధం

స్తారా ఓల్షాలో అదే ఆఖరి ఇల్లు.
ఇంటి వెనక గట్టు, గట్టు వెనక ఓడ్రా.
పేరులో ఓటమి వినిపిస్తుంది గానీ
ఆ నది ఓడినట్టు ఊళ్ళో ఎవరికీ జ్ఞాపకం లేదు.

హాల్ష్కా బూట్లు బయటే విప్పింది.
చేతిలో కొలతకర్ర, భుజాన మూడుకాళ్ళ యంత్రం,
సంచిలో పదకొండు ఊళ్ళ బురదచారల లెక్క.
నీటిమీద రాత నిలవదంటారు.
ఆమె చదువంతా నీరు రాసి వెళ్ళిన రాతే:
చర్చి మెట్లమీద, పిండిమర ఇటుకలమీద,
ఒక నేలమాళిగలో
ఎవరూ మూత తియ్యని దోస ఊరగాయ సీసా మెడచుట్టూ.

"ఇక్కడా ఉందన్నారు."
జెనోవెఫా ఏం మాట్లాడకుండా
వంటింటి తలుపు కాస్త పక్కకి లాగింది.

ద్వారబంధం మీద పెన్సిలు గీతలు.
లుబోమీర్, మూడేళ్ళు. నాలుగేళ్ళు.
ఐదు కొంచెం వంకర; కదలకుండా నిలబడితేగా వెధవ.
ఏడు.
ఏడు పైన జానా బెత్తెడు ఎత్తున
వాటన్నిటికీ అడ్డంగా గోధుమరంగు చార.
ఎన్నిసార్లు కడిగినా పోలేదట. తరవాత కడగడం మానేసిందట.

ఆ జులై రాత్రి వాడు అటకమీదున్నాడు,
ఆరు కోళ్ళతో, ఒక కుట్టుమిషనుతో.
"పద్నాలుగో ఏట దాటేశాడు వరదని"
చార పైన ఒక గీత మీద వేలు పెట్టింది.
"ఆవేళ గసగసాల కేకు చేశాను."

గడప నుంచి నూట యాభై నాలుగు సెంటీమీటర్లు.
హాల్ష్కా రెండుసార్లు కొలిచి రాసుకుంది.
ఇక నది వాలెంత, అడుగున గరుకెంత,
ఒడ్డున ఆల్డర్ చెట్లు నీటిని ఎంతసేపు నిలేశాయి,
అన్నీ కలిపితే ఆ రాత్రి పారిన నీరెంతో తేలుతుంది.
తేలుతుందంటే, దాదాపుగా.
తప్పుకి ఎంత చోటివ్వాలో దానికో గడి ఉంది.
ఆ గడి దగ్గరే
ఆమె కలం ఎక్కువసేపు ఆగుతుంది.

"నూరేళ్ళ వరదన్నారు కదా" అంది జెనోవెఫా.
"ఇంకా డెబ్భై ఏళ్ళు గడువుంది.
అప్పటికి నేనూ ఉండను, వాడూ ముసలాడే."

కిటికీలోంచి గుండీల డబ్బా అందుకుంది హాల్ష్కా.
"ఇందులో నూరు గుండీలనుకో. ఒకటి నల్లది.
కళ్ళు మూసుకుని ఏడాదికొకటి తియ్యి."
"తీసింది మళ్ళీ డబ్బాలో వెయ్యాలా?"
"వెయ్యాలి."
"నల్లదైనా?"
"నల్లదైనా."

నలభై ఏళ్ళు సూది పట్టిన వేళ్ళు
డబ్బాలో కాసేపు తచ్చాడాయి.
"నల్లది ఒకటేనని నీకెలా తెలుసు?"

విశ్వవిద్యాలయంలో ఎవరూ ఇంత సూటిగా అడగలేదు.
"తెలీదు. మా గురువు లెక్కలో ఒకటే.
ఈమధ్య ఎవరో తెల్లవి తీసి
నల్లవి వేస్తున్నట్టుంది."
జెనోవెఫా పొయ్యివైపు చూసింది.
లోపల బొగ్గు చిటపటమంది.
ఇద్దరూ ఆ సంగతి అక్కడే వదిలేశారు.

"సరే, రాబోయేది ఎక్కడిదాకా వస్తుందో గియ్యి."
"అది అంచనా మాత్రమే..."
"ముందు గియ్యి."

స్టూలెక్కింది హాల్ష్కా.
పెన్సిలు పద్నాలుగు దాటింది, పద్దెనిమిది దాటింది,
పెళ్ళినాడు బూట్లతో నిలబెట్టి గీసిన గీత కూడా దాటింది.
చెక్క అయిపోయింది.
పైన సున్నం గోడ, మేకుకి ఎండిన విల్లో రెమ్మ.
రెమ్మని పక్కకి జరిపి, సున్నం మీద
సన్నగా ఒక గీత,
నివేదికలోలా చుక్కలు చుక్కలుగా.

దిగబోతుంటే పెన్సిలు లాక్కుంది జెనోవెఫా.
తనే ఎక్కింది, మోకాళ్ళు కలుక్కుమంటుంటే.
గీత పక్కన పేరు రాయకుండా ఎప్పుడూ వదల్లేదామె.
ఓడ్రా, అని రాసింది.
వయసు దగ్గర చెయ్యి ఆగింది.

ఖాళీ ఉంచి, కింద పట్టుకున్న హాల్ష్కాతో అంది:
"అటక ఇంకెంత ఎత్తు లేపాలో
అదీ కొలిచి వెళ్ళు."