ఉప్పు కొలిచే అమ్మాయికి

ఎస్తేరూ,
పేపరు తిప్పి పంపేశారని రాత్రి పదకొండింటికి మెసేజి పెట్టావు.
నేను మెలకువగానే ఉన్నాను.
జవాబు మాత్రం ఇప్పుడు రాస్తున్నా,
సఖినేటిపల్లి రేవులో పంటు కోసం చూస్తూ
ఎవరివో కొబ్బరికాయల బస్తా మీద కూర్చుని.

మూడోసారి కదా.
నా మొదటిదానికి ఐదు.
కోపం తగ్గడానికి మూడు రోజులిచ్చుకో,
నాలుగో రోజు వద్దు, అలవాటైపోతుంది.
ఆ రెండో రిఫరీ నోరు మంచిది కాదు గానీ
అతని నాలుగో ప్రశ్న మంచిది.
దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

నీరు పల్లమెరుగు అంటారు, మెరకవాళ్ళ మాట.
మన దగ్గర పల్లం ఎంతని?
మైలుకి జానెడు.
ఇక్కడ కాలవ కూడా ఆగి ఆలోచిస్తుంది,
పోటు తగిలితే వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది.
నీకూ కొన్నేళ్ళు అంతే.
ప్రాజెక్టు మార్చిలో అయిపోతుంది, జీతం జనవరిలోనే ఆగుతుంది.
నీతో చదివినవాళ్ళు బ్యాంకుల్లో చేరి
అమలాపురంలో స్థలాలు కొంటారు.
పెళ్ళిళ్ళలో "ఇంకా చదువేనా?" అంటారు.
అవునని చెప్పి గుత్తివంకాయ వడ్డించుకో.

సీసాల మీద పెన్సిలుతో రాయి.
ఇంకు చెమ్మకి ఏడుస్తుంది.
పోటు మీద తీసిన నీళ్ళూ పాటు మీద తీసిన నీళ్ళూ
ఒకే పేజీలో ఎక్కించకు.
"ఈ ఏడు దాళ్వాకి చౌడు తగిలిందమ్మా" అని రైతు అంటే
మీటరు బయటికి తీసేలోపు
ఆయన నాలుక మీది లెక్క రాసుకో.
ఎవరి పేరు ముందో ఎవరిది వెనకో
పని మొదలెట్టిన రోజే అడుగు,
అయిపోయాక అడిగితే తగువు.
కమిటీలకి కుదరదని చెప్పడం నేర్చుకో.
నాకు రాలేదు, నన్ను చూసి నేర్చుకోకు.

ఇక ఇది ఎవరికీ చెప్పలేదు.

లాకు దగ్గర లస్కరొకడుండేవాడు.
ఇరవై ఆరేళ్ళు, రోజుకి రెండుసార్లు,
గేజి రాయి మీద నీటిమట్టం చూసి
నీలం అట్ట రిజిస్టర్లో ఎక్కించేవాడు.
తుఫాను రాత్రి కూడా ఎక్కించాడు,
అంకె కాస్త వంకరపోయింది, అంతే.
నా డాక్టరేటంతా ఆ రిజిస్టరే.
"నీటిపారుదల శాఖ సౌజన్యంతో" అని వేశాను కింద.

అదొక్కటే అయితే బాగుణ్ణు.
గీత నున్నగా రావడానికి
అతని అంకెలు ఏడు తీసేశాను.
"తాగి రాసుంటాడులే" అన్నాడు మా ప్రొఫెసరు.
నేను నవ్వాను.

పధ్నాలుగేళ్ళకి తెలిసింది.
ఆ ఏడు రోజులూ
సముద్రం మన కాలవలోకి వచ్చి వెళ్ళింది.
చూసినవాడు ఒక్కడు. చెరిపిందాన్ని నేను.

వెతుక్కుంటూ వెళ్ళాను.
వల బాగుచేస్తున్నాడాయన, చూపు ఆనడం లేదు,
వేళ్ళకే తెలుస్తోంది ఎక్కడ తెగిందో.
అంతా చెప్పాను, కూర్చోకుండా.
"పుస్తకంలో ఉన్నాయాండి, నే రాసినట్టే?"
ఉన్నాయన్నాను.
"మరింకేటండి. మీ కాయితంలోంచి తీశారు,
నీళ్ళలోంచి కాదుగదా."
టీ తెప్పించాడు. నాకు గొంతు దిగలేదు.

నీ మూడో పట్టికలో, ఎస్తేరూ,
నాలుగు అంకెలకి చుక్క పెట్టి
పక్కన "తీసేద్దామా మేడమ్?" అని రాశావు.
రిఫరీ నాలుగో ప్రశ్న కూడా వాటి గురించే.
తీయకు.
అమావాస్య పోటుకి మళ్ళీ వెళ్ళు.
ఒంటరిగా వద్దు, మీ తమ్ముణ్ణి తీసుకెళ్ళు,
టార్చికి రెండు జతల బ్యాటరీలు.
అప్పుడూ అలాగే వస్తే ఏం రాయాలో నాకూ తెలీదు,
ఇద్దరం కూర్చుని చూద్దాం.

రిజిస్టరు జిరాక్సులు నా బీరువాలో ఉన్నాయి, కింది అర.
వాడుకో. వాడితే
పేరు వెయ్యి, శాఖది కాదు.
గుబ్బల పోసియ్య.
ఇంగ్లీషులో ఎలా రాస్తారో ఆయన్నే అడుగు.

పంటొచ్చింది.
బస్తా ఆసామి నన్ను లేవమంటున్నాడు.